బడి వంటింట్లో ఆఖరి చలికాలం

ఆ ఏడాది జనవరి నాటికి మా ఊరి బడిలో ఇరవై ముగ్గురు పిల్లలు మిగిలారు. అయిదో తరగతిలో ఒక్కతే. ఆ ఒక్కతీ మా అమ్మాయి లోర్నా.

నేను ఆ బడిలో వంట చేసేదాన్ని. అప్పటికి తొమ్మిదేళ్ళయింది. అమెరికాలో వెర్మాంట్ కొండల్లో మాది చిన్న ఊరు, పేరు డన్నింగ్. రెండు గదుల బడి, వెనక నా వంటిల్లు, ఇద్దరు టీచర్లు. పెద్దావిడ మిస్ థేయర్ ఇరవై ఎనిమిదేళ్ళుగా అక్కడే పాఠాలు చెబుతోంది. ఆవిడ చేరిన మొదటి ఏడాది పిల్లల్లో మా ఆయన హార్లన్ ఒకడు.

హార్లన్‌కి ముప్పై ఆవులు, కొండవాలున మేపుల్ చెట్లు ఉండేవి. దాంతోపాటు ఊరి బోర్డులో ముగ్గురు సభ్యుల్లో ఒకడు. బడి మూసేసి పిల్లల్ని కొండ కింద ఊరి బడికి బస్సులో పంపుదామన్న మాట బోర్డులో మొదట ఎత్తింది అతనే. మార్చి మొదటి మంగళవారం ఊరి సమావేశంలో దాని మీద ఓటు. ఈ సంగతి అతను నాతో చెప్పలేదు. పోస్టాఫీసు తలుపు మీద అంటించిన కాగితం చదివి తెలుసుకున్నాను.

ఆ సాయంత్రం పాలు పితికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే అడిగాను.

"నాతో ఒక్క మాట అనుండాల్సింది."

"అంటే నువ్వు వద్దంటావు. నువ్వు వద్దంటే నేను ఆగిపోతాను. అందుకే అనలేదు" అన్నాడు తువ్వాలు కోసం చెయ్యి చాపుతూ.

తువ్వాలు ఇచ్చాను. పోట్లాడలేదు. మర్నాడు మిస్ థేయర్ దగ్గరికి వెళ్ళి, బడి నిలబెట్టడానికి నేనేం చెయ్యాలో చెప్పమన్నాను. ఆవిడ అప్పటికే ఊళ్ళో ఓటున్న వాళ్ళందరి పేర్లూ వరసగా రాసి పెట్టుకుంది. సగం పేర్లు నాకిచ్చింది.

ఆ నెలన్నర రోజులూ నేను ఇల్లిల్లూ తిరిగాను. 'మన బడి మనకి ఉండాలి' అని చెక్క పలకల మీద ఎర్ర రంగుతో రాసి రోడ్ల పక్కన పాతాను. ఒకటి మా ఇంటి మలుపులోనే పాతాను. హార్లన్ తెల్లవారుజామున ట్రాక్టరుతో మంచు తోసేటప్పుడు ఆ పలక దగ్గరికి రాగానే పక్కకి తిప్పి, దానికి తగలకుండా చుట్టూ తోసుకుంటూ పోయేవాడు. దుకాణంలో క్లిఫర్డ్ అనే ముసలాయన నన్ను చూసినప్పుడల్లా అదే మాట: "ఏమ్మా ఒడెట్, ఇంట్లో ఇంకా ఒకటే కుంపటా, వేరు పెట్టేశారా?" నేను నవ్వి, మా కుంపటికి కట్టెలు కొట్టేది ఆయనే కాబట్టి ఇంకా ఒకటేనని చెప్పేదాన్ని.

నిజానికి నాకు కోపం ఉంది. కానీ కోపం చూపిస్తే ఇల్లు నడవదు. ఇద్దరం వాతావరణం గురించీ, ఈనబోయే ఆవు గురించీ మాట్లాడుకునేవాళ్ళం.

బడిలో శుక్రవారం చీజ్ శాండ్‌విచ్. అన్ని బడుల్లోనూ అంతే. రెండు బ్రెడ్డు ముక్కలు, మధ్యలో చీజు, బయట వెన్న, పెనం మీద కాల్చడం. పక్కన టమాటా సూపు. భోజనాల బల్లకి ఈ చివర చిన్న పిల్లలు కూర్చునేవాళ్ళు. ఆ చివర ఆరో తరగతి మగపిల్లలు ముగ్గురు ఎప్పుడూ హాకీ గురించి కొట్టుకుంటూ ఉండేవాళ్ళు. లోర్నా ఈ చివరా కాదు, ఆ చివరా కాదు. తన పళ్ళెం పట్టుకుని నేరుగా వంటింట్లోకి వచ్చేసేది. పొయ్యి పక్కన పాలసీసాల పెట్టె బోర్లించుకుని దాని మీద కూర్చుని తినేది. రెండో తరగతి నుంచీ అదే అలవాటు. ఆ ఇరవై నిమిషాలూ నాకు రోజు మొత్తంలో మంచి సమయం. పదకొండేళ్ళ పిల్ల తల్లి దగ్గర కూర్చుని తినడానికి ఇష్టపడుతోందంటే ఎవరికి మాత్రం బాగుండదు.

శాండ్‌విచ్‌లో ఆపిల్ పెట్టాలన్న ఆలోచన దానిదే. మా నేలమాళిగలో పుల్ల ఆపిల్స్ ఉండేవి, మార్చి దాకా నిలవుండే రకం. ఒక శుక్రవారం ఒకటి తెచ్చి, ముక్కలు కోసి చీజు మీద పేర్చి కాల్చమంది. కాల్చాను. కొరకగానే ముక్కలన్నీ వెనక నుంచి జారి పళ్ళెంలో పడ్డాయి. రసం దిగి బ్రెడ్డు నానిపోయింది.

"రుచి మాత్రం బాగుంది" అంది కింద పడ్డవి ఏరుకుని తింటూ.

తర్వాతి వారాల్లో ఇద్దరం దాని మీదే పడ్డాం. ముక్కలు పల్చగా, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల వేలు కనిపించేటంత పల్చగా కొయ్యాలి. వాటిని ముందు వట్టి పెనం మీద ఒక నిమిషం పరిస్తే నీరంతా ఆవిరైపోతుంది. చీజు రెండేళ్ళు మాగినది కావాలి. కొత్త చీజు ఆపిల్ పక్కన చప్పగా ఉంటుంది. ఒక బ్రెడ్డు ముక్క లోపలివైపు ఆవాల ముద్దలో కాస్త మేపుల్ పాకం కలిపి రాయాలి. చీజు ఒక్క పొరే వేస్తే ఆపిల్ నిలవదు. కింద ఒక పొర, పైన ఒక పొర వేస్తే రెండూ కరిగి మధ్యలో ముక్కల్ని పట్టుకుంటాయి. ఆ చివరి కిటుకు కనిపెట్టింది లోర్నాయే. మంట బాగా తగ్గించి మూతపెట్టాలి, లేకపోతే చీజు కరిగేలోపు బ్రెడ్డు మాడిపోతుంది. నాలుగో వారానికి కుదిరింది. బయట కరకర, లోపల ఉప్పగా, పుల్లగా, చివర్లో కొంచెం తియ్యగా. అప్పటి నుంచి శుక్రవారాలు మా ఇద్దరికీ ఆ రెండు శాండ్‌విచ్‌లూ వేరుగా చేసేదాన్ని.

ఫిబ్రవరిలో మిస్ థేయర్‌కి ఒక ఆలోచన వచ్చింది. కింది ఊరి బడి అయిదో తరగతిని ఒక రోజు మన బడికి పిలుద్దాం, వాళ్ళ పిల్లల ముందు మన పిల్లలు దేనికీ తీసిపోరని ఊరు కళ్ళారా చూస్తుంది అంది. చూడ్డానికి ఊళ్ళోవాళ్ళనీ పిలిచింది. నన్ను పక్కకి పిలిచి, ఆ రోజు నీ వంట కూడా మన తరఫున మాట్లాడాలమ్మా అంది. ఆపిల్ శాండ్‌విచ్‌లు చేస్తానన్నాను.

కింది ఊరి నుంచి పధ్నాలుగు మంది పిల్లలు వచ్చారు. పొద్దున్నంతా లెక్కలు, పటాలు, పాటలు. మా పిల్లలు బాగానే నెగ్గుకొచ్చారు. నాకు అవేమీ చూసే తీరిక లేదు. నలభై శాండ్‌విచ్‌లు, ఒకేసారి ఎనిమిది పట్టే పెనం. ముక్కలన్నీ ముందు రోజే కోసి నిమ్మరసం నీళ్ళలో వేసి పెట్టుకున్నాను. ఆరబెట్టడం, పేర్చడం, కాల్చడం, తిప్పడం, వడ్డించే కిటికీలోంచి అందించడం. లోర్నాకి ఒకటి పక్కన తీసిపెట్టాను, పెట్టె బోర్లించి దాని మీద గుడ్డ వేశాను.

లోర్నా వరసలో వచ్చి పళ్ళెం తీసుకుంది. అలవాటు ప్రకారం వంటింటి తలుపు వైపు రెండు అడుగులు వేసింది. బల్ల దగ్గర పళ్ళకి తీగ కట్టించుకున్న ఒక అమ్మాయి కాస్త జరిగి, తన పక్కన బెంచీ మీద చేత్తో తట్టింది. లోర్నా ఒక క్షణం నిలబడింది. తర్వాత వెళ్ళి కూర్చుంది.

నేను పెనం మీద ఉన్నవి తిప్పి మళ్ళీ చూశాను. లోర్నా తన శాండ్‌విచ్ విప్పి, రెండు పొరల చీజు మధ్య ఆపిల్ ఎలా ఇరుక్కుందో చూపిస్తోంది. చుట్టూ నలుగురు ఆడపిల్లలు తమవీ విప్పేశారు. ఒకతె విప్పినది మళ్ళీ మూయలేక చెయ్యంతా చీజు తీగలు చేసుకుంది. లోర్నా నవ్వింది. తల వెనక్కి వాల్చి, బల్ల చరుస్తూ, ఊపిరందక నవ్వింది. ఆ నవ్వు నేను అంతకుముందు వినలేదు. నా దగ్గర నవ్వేది, కానీ అది వేరు. ఒక్కసారి కూడా కిటికీ వైపు చూడలేదు.

దానికని తీసిపెట్టినది నేనే నిలబడి తిన్నాను.

మూడింటికి బస్సు వెళ్ళిపోయింది. లోర్నా వంటింట్లోకి వచ్చి, నేను కడిగిన పళ్ళేలు తుడవడం మొదలుపెట్టింది.

"వాళ్ళ క్లాసులో కూడా ఒక లోర్నా ఉందమ్మా" అంది.

"అవునా."

"ఇద్దరుంటే పొట్టి లోర్నా, పొడుగు లోర్నా అని పిలుస్తారట. నేనైతే పొడుగు లోర్నాని అవుతానట."

కొన్ని పళ్ళేలు తుడిచాక అడిగింది. "మన బడి మూసెయ్యరు కదా?"

"మూయనివ్వను" అన్నాను.

"మంచిది" అంది. పళ్ళెం రెండువైపులా జాగ్రత్తగా తుడిచి దొంతి మీద పెట్టింది.

ఆ తర్వాత రెండు వారాలూ నా వంతు పేర్లలో మిగిలిన ఇళ్ళకి వెళ్ళాను. చెప్పాల్సిన మాటలన్నీ చెప్పాను. ఎక్కడా తడబడలేదు.

సమావేశం రోజు ఊరి హాలు నిండిపోయింది. పొద్దున్న రోడ్ల సంగతి, ఊరి ట్రక్కు సంగతి, శ్మశానం కంచె సంగతి అయ్యాయి. నేను చర్చి ఆడవాళ్ళతో కలిసి హాలు వెనక వంటింట్లో ఉన్నాను. మధ్యాహ్నం అందరికీ ఆపిల్ శాండ్‌విచ్‌లే పెట్టమని మిస్ థేయర్ చెప్పింది. బడి తిండి ఎలా ఉంటుందో తిని చూసి ఓటెయ్యనీ అని ఆవిడ ఉద్దేశం.

భోజనాలకి ముందు బడి సంగతి వచ్చింది. మిస్ థేయర్ పావుగంట మాట్లాడింది. ఆ హాల్లో కూర్చున్న వాళ్ళలో తను చదువు చెప్పిన వాళ్ళ పేర్లు చదివింది. చదువుతుంటే వాళ్ళు ఒక్కొక్కరే తల దించుకున్నారు. హార్లన్ రెండు నిమిషాలు మాట్లాడాడు. ఇరవై ముగ్గురు పిల్లలున్న బడిలో పిల్లకి టీచరు దొరుకుతుంది గానీ స్నేహితురాలు దొరకదని, తనకి అంతకంటే చెప్పడం రాదని అన్నాడు. నా వంతు పిలిచారు. రాసుకున్న కాగితం ఏప్రాన్ జేబులో ఉంది. తలుపు దగ్గరికి వచ్చి, పెనం మీద పన్నెండు ఉన్నాయి, నేను చెప్పేది మీ పళ్ళెంలోకే వస్తుంది అన్నాను. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. తెలివిగా మాట్లాడానని మిస్ థేయర్ నన్ను చూసి తల ఊపింది. నాకు మాట రాలేదని ఎవరికీ తెలీదు.

తిన్నాక ఓటు. ఏడుగురు చెయ్యెత్తి అడిగితే కాగితం ఓటు పెట్టాలి. పదిహేను మంది ఎత్తారు. తెల్ల చీటీలు పంచారు. మూసెయ్యాలంటే 'అవును' అనీ, ఉండాలంటే 'కాదు' అనీ రాసి మడిచి చెక్క పెట్టెలో వెయ్యాలి. నేను చేతులు తుడుచుకుని చివరాఖరున వెళ్ళాను. గోడ వైపు తిరిగి రాశాను. మడిచి వేశాను. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి పెనం గీకడం మొదలుపెట్టాను.

ముందు బల్ల దగ్గర ముగ్గురు చీటీలు విప్పి లెక్కపెట్టారు. హార్లన్ అందులో ఒకడు. మూసెయ్యాలని డెబ్బై నాలుగు, ఉండాలని డెబ్బై ఒకటి.

మిస్ థేయర్ వంటింట్లోకి వచ్చింది. కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. "నువ్వు చెయ్యగలిగిందంతా చేశావమ్మా" అని నా భుజం మీద చెయ్యి వేసింది. పెనం అప్పటికే శుభ్రంగా ఉంది. నేను గీకుతూనే ఉన్నాను.

ఆ రోజు నుంచి లోర్నా తండ్రితో మాట్లాడటం మానేసింది. అరవలేదు, ఏడవలేదు. ఊరికే మానేసింది. బల్ల దగ్గర ఉప్పు కావాలంటే నాతో చెప్పేది, నాన్నని అడగమని. అతను వినపడనట్టు కాకుండా, వినపడ్డట్టూ కాకుండా ఉప్పు జరిపేవాడు. మార్చిలో మేపుల్ చెట్లకి రంధ్రాలు వేసి, కారే రసం పట్టడానికి బకెట్లు తగిలించే పని ప్రతి ఏడూ తండ్రీ కూతుళ్ళిద్దరిదే. ఆ ఏడు అతనొక్కడే వెళ్ళాడు. పాకం కాచే షెడ్డులో అయిదు వారాలు ఒక్కడే కాచాడు. మొదటి సీసా తెచ్చి ఎప్పట్లా లోర్నా పళ్ళెం పక్కన పెట్టాడు. లోర్నా ఆ సీసా ముట్టుకోలేదు.

"నీ ఉద్యోగం పోగొట్టింది నాన్నే" అంది నాతో ఒకసారి.

"అలా అనకు" అన్నాను.

ఒక లెక్క వేసుకునేదాన్ని. నా ఓటు అటు నుంచి ఇటు వేసినా డెబ్బై మూడూ డెబ్బై రెండూ అయ్యేది. బడి ఎలాగూ మూతపడేది. ఆ లెక్క చాలాసార్లు వేసుకున్నాను. ప్రతిసారీ సరిగ్గానే వచ్చేది, ఒక్కసారీ పనికిరాలేదు.

ఏప్రిల్లో మంచు కరిగి మా రోడ్లన్నీ బురదవుతాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం మలుపు దగ్గర హార్లన్ ట్రక్కు ఇరుసు దాకా దిగబడింది. వరండాలో ఉన్న లోర్నాని పిలిచి, కాస్త స్టీరింగు దగ్గర కూర్చోమ్మా, నేను వెనక నుంచి తోస్తాను అన్నాడు. లోర్నా లేచి ఇంట్లోకి వచ్చేసి తలుపు వేసుకుంది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. అతను చక్రాల కింద చెక్కలు వేసి, లోపలికి ఎక్కి పోనిచ్చి, దిగి తోసి, మళ్ళీ ఎక్కి, అలా ఒక అరగంట పడ్డాడు. ఒకసారి కాలు జారి మొహం మీద పడ్డాడు. లేచి, కళ్ళ మీద బురద మోచేత్తో తుడుచుకుని, ఇంటి వైపు ఒకసారి చూసి, మళ్ళీ తొయ్యడానికి వంగాడు.

అతను కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాక ముగ్గురికీ చిక్కుడు గింజలు వడ్డించాను. నేనూ కూర్చున్నాను.

"లోర్నా, బడి మూసెయ్యమని నేనూ ఓటేశాను" అన్నాను.

అది చెంచా దించింది. "అబద్ధం."

"నిజం."

ఆరు వారాల్లో మొదటిసారి అది తండ్రి మొహం వైపు తిరిగింది. నేను అబద్ధం చెబుతున్నానని అతను చెప్పాలన్నట్టు చూసింది.

"నిజమేనమ్మా. ఆ చీటీ విప్పింది నేనే" అన్నాడు హార్లన్.

నేను అతని వైపు తిరిగాను. "నాదని నీకెలా తెలుసు?"

"పదిహేనేళ్ళుగా నువ్వు రాసిన సరుకుల చీటీలు పట్టుకుని దుకాణానికి వెళ్తున్నాను. నీ రాత నాకు తెలీదా? పైగా కింద రెండు గీతలు కొట్టావు, మర్చిపోకుండా తెమ్మన్నట్టు."

"మరి చెప్పలేదే?"

"ఎవరి ఓటు వాళ్ళది. చెప్పాలనిపిస్తే నువ్వే చెప్తావు."

లోర్నా మొహం ఎర్రబడింది. "నేను ఇన్నాళ్ళూ నీతో మాట్లాడకపోతే ఎందుకూరుకున్నావు?" అంది అతన్ని.

అతను తన పళ్ళెం కాస్త ముందుకి జరిపాడు. "నువ్వు మీ అమ్మ పక్షాన నిలబడ్డావు. అది తప్పని నేనెలా అంటాను?"

అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వెందుకు వేశావు?"

"ఆ రోజు ఆ పిల్లలతో నువ్వు నవ్వడం విన్నాను."

"నేనేం అడగలేదు నిన్ను."

"అడగలేదు."

"నాకు వంటింట్లో తినడం ఇష్టమే."

"తెలుసు."

కుర్చీ వెనక్కి తోసి వెళ్ళిపోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు, పైన తలుపు. హార్లన్ దాని పళ్ళెం మీద మరో పళ్ళెం బోర్లించి, చల్లారకుండా పొయ్యి పక్కన పెట్టాడు.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఈసారి ఉప్పు తండ్రిని అడిగింది. అయిదో రోజు బడి నుంచి రాగానే బూట్లు వేసుకుని, చెట్ల నుంచి దించిన బకెట్లు కడగడానికి అతని వెనకే షెడ్డుకి వెళ్ళింది. వచ్చేటప్పటికి ఇద్దరి చేతులూ చన్నీళ్ళకి ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నా దగ్గరికి వచ్చి చేతులు చాపింది. పట్టుకుని రుద్దాను. అంతటితో అది సర్దుకుంది అనను. కానీ మాట్లాడింది. సెప్టెంబరులో బస్సెక్కింది, మొదటి వారం రెండుసార్లు ఏడ్చింది, తర్వాత ఏడవలేదు. నేను కింది ఊళ్ళో ముసలివాళ్ళ ఆశ్రమంలో వంటకి కుదిరాను. హార్లన్, నేను ఆ చీటీ గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మిస్ థేయర్‌కి మాత్రం జూన్‌లోనే చెప్పాను. బడి ఆఖరి రోజు పిల్లలు వెళ్ళిపోయాక ఇద్దరం సామాను బయట పెడుతున్నాం. పుస్తకాలు అయిపోయాయి, పటాలు అయిపోయాయి. భోజనాల బల్ల ఒక్కటే మిగిలింది. ఆవిడ ఒక చివర, నేను ఒక చివర పట్టుకున్నాం. ఎత్తబోయే ముందు చెప్పాను. నేను వేసింది 'అవును' అని, లోర్నా కోసం వేశానని. ఇంకో నాలుగు మాటలు కూడా చెబుదామనుకున్నాను. రాలేదు.

ఆవిడ బల్ల అంచు మీద చెయ్యి పెట్టి నా వైపే చూస్తూ నిలబడింది.

"ఇది నాకు చెప్పకుండా ఉండాల్సింది ఒడెట్" అంది.

"తెలుసు టీచర్."

ఆవిడ వంగి తన చివర ఎత్తింది. నేను నాది ఎత్తాను. బల్ల బరువు. ఆవిడకి అప్పుడు అరవై దాటాయి. తలుపులోంచి దాన్ని పక్కకి వంచి బయటికి తెచ్చాం. నేను వెనక్కి నడుస్తున్నాను, ఆవిడ నాకు ఎదురుగా వస్తోంది. వరండా చివరికి వచ్చేసరికి నా వెనక ఏముందో నాకు కనపడలేదు.

"మెట్టు చూసుకో" అంది.

చూసుకుని దిగాను. బల్ల గడ్డిలో దించాం. ఆవిడ చేతులు దులుపుకుని, లోపలికి వెళ్ళి తన కోటూ సంచీ తీసుకుని, తలుపు తాళం వేసి, రోడ్డు మీదికి నడిచింది. ఆ వేసవిలోనే మెయిన్ రాష్ట్రంలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను మూడు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఆవిడ నాతో అన్న ఆఖరి మాట అదే, మెట్టు చూసుకోమన్నది.